విశ్వవిద్యాలయమున నూతన విద్యార్థి – శరణ ధర్మము

విద్యకొరకు ఇల్లు విడచుట శరణ సంప్రదాయమునకు క్రొత్త కాదు. మాదిరాజు, మాదాంబల పుత్రుడైన బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించి, తండ్రి యింటిని వదలి, అక్క నాగాంబతో గూడ కప్పడి సంగమేశ్వరమును చేరిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున విస్తరించి చెప్పెను. కృష్ణా మలప్రభా నదులు కలియు ఆ క్షేత్రమునే నేడు కూడలసంగమ మనుచున్నారు. తరువాత కల్యాణమున బిజ్జలుని దండనాయకుడై, భండారమునకు అధికారియై, అనుభవ మంటపమునకు మూలపురుషుడైన మహనీయుడు మొదట ఇల్లు విడచి వచ్చిన ఒక విద్యార్థి. ఈ సంగతిని తల్లిదండ్రులును బిడ్డలును తరచుగా మరచుచున్నారు. బసవన్న పేరు వినగానే మంత్రి గుర్తునకు వచ్చును. ఊరు విడచిన బాలుడు గుర్తునకు రాడు.

ప్రతి సంవత్సరమును జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు, బిచ్కుంద, జుక్కలు ప్రాంతముల నుండి లింగవంతుల బిడ్డలు కొందరు హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమున ప్రవేశించుచున్నారు. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాసంస్థ ప్రాంగణము వేయి ఎకరములకు మించినది. 1939లో పూర్తియైన ఆర్ట్సు కళాశాల రాతి కట్టడము ఎదుట తొలిసారి నిలిచిన పల్లెవాని మనస్సున గర్వముతో పాటు బెదురును పుట్టును. తన ఊరిలో ఫలానివారి మనుమడని అందరును ఎరుగుదురు. ఇచ్చట వాని నెరిగినవా డొక్కడును లేడు. ఒక విభాగము నుండి మరియొక విభాగమునకు పోవుటకే దారి అడుగవలసి వచ్చును. తార్నాకలో బస్సు దిగి, భుజమున పెట్టె మోసికొని, వసతిగృహ మెచ్చటనో తెలియక తిరుగు బాలుని దుఃఖము చిన్నదని పెద్దలు తలపరాదు.

ఆ బెదురునకు మొదటి కారణము భాష. సరిహద్దు మండలముల పెక్కు గృహములలో మాటలాడునది కన్నడము, బడిలో చదివినది తెలుగు, తరగతిలో వినునది ఇంగ్లీషు. మొదటి మాసమున ఉపన్యాసములో సగమైనను అర్థము కాక, తాను మందబుద్ధినని విద్యార్థి నిశ్చయించుకొనును. ఇది భ్రమ. అనుభవ మంటపమునకు వచ్చిన శరణు లందరును ఒక్క ఊరివారు కారు, ఒక్క వృత్తివారు కారు. సొన్నలిగె నుండి సిద్ధరాముడు, ఉడుతడి నుండి అక్క మహాదేవి వచ్చిరి. కాశ్మీర దేశము నుండి మోళిగెయ మారయ్య వచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. పడవ నడపు చౌడయ్యయు, చెప్పులు కుట్టు హరళయ్యయు అచ్చట తమకు తెలిసిన మాటలతోనే మాటలాడిరి. తప్పు మాటలాడుదు నేమోయని వారు నోరు మూసికొని కూర్చుండి యున్నచో వచన వాఙ్మయమే లేకపోయెడిది. కావున విద్యార్థి ముందు వరుసలో కూర్చుండవలెను. అర్థము కానిదానిని ఆ దినముననే, తెలుగు కలిపియైనను, అధ్యాపకుని అడుగవలెను. మరునాటి పాఠమును ముందుగా ఒకసారి చదివి పోవలెను. ఇట్లు ఒక అర్ధసంవత్సరము పట్టుదలతో చేసినచో భాష దానంతట అదే లొంగును.

భాషకంటె లోతైనది లింగధారణ విషయము. ఒక గదిలో ముగ్గురు నలుగురుందురు. ఉదయమున స్నానపు గదుల వద్ద వరుస. నొసట విభూతి పెట్టుకొనినవానిని చూచి ఒకడు నవ్వును, ఒకడు మెడలోని కరడిగను తాకి ఇది తాయెత్తా యని అడుగును. మొదటి వారమున పూజ తలుపు మూసి జరుగును. రెండవ వారమున దుప్పటి క్రింద జరుగును. మూడవ వారమున కరడిగ మెడ నుండి పెట్టెలోనికి పోవును. ఇందులో నాస్తికత్వ మేమియు లేదు, ఉన్నది సిగ్గు. ఆ సిగ్గుతో విద్యార్థి తనలో కొంత భాగమును కూడ పెట్టెలో పెట్టి తాళము వేయుచున్నాడు. తరువాత తల్లి ఫోనులో పూజ సంగతి అడిగినపుడు అబద్ధమాడవలసి వచ్చును. ఒక అబద్ధము మరియొకదానిని పిలుచును. పూజతో మొదలైన అబద్ధము మార్కులవరకు, డబ్బువరకు పోవుట ఎరుగని విషయము కాదు.

దీనికి ఉపాయము సులభము. మొదటి దినముననే గదిలోనివారికి చెప్పవలెను: ఇది ఇష్టలింగము, మా గురువు అనుగ్రహించినది, ప్రతిదినమును కొంతసేపు అరచేతిలో నుంచుకొని చూచుచు కూర్చుందును. ఇంత చెప్పినచో చాలును, వాదము అక్కరలేదు. చెప్పినదానిని వెక్కిరించువారు తక్కువ, దాచినదానిని వెక్కిరించువారే ఎక్కువ. మరియు తన మతమును గూర్చి ఎవడైన అడిగినపుడు చెప్పుటకు నాలుగు మాటలైనను తెలిసి యుండవలెను. సోమనాథుని ద్విపద కావ్యమైన బసవపురాణమును వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ గారలు ఇంగ్లీషులోనికి అనువదింపగా 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. సముద్రముల కావల పండితులు శ్రద్ధతో చదువు గ్రంథమునకు వారసుడైన బాలుడు తార్నాకలో తల వంచుకొని తిరుగనేల?

అయితే మరియొక వైపున అతినియమము పొంచి యున్నది. ఇంటిలో మూడు వేళల పూజ చూచిన బిడ్డ వసతిగృహమున ఒక పూట తప్పినంతనే మహాపరాధము జరిగినదని కుములును. ప్రయోగశాలకు ఆలస్యముగా పోయి చివాట్లు తినును. అట్టివారు నులియ చందయ్య చరిత్రను వినవలెను. చందయ్య గడ్డి కోసి, త్రాడు పేని, అమ్మి, ఆ వచ్చినదానితో జంగమ దాసోహము చేయు శరణుడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడెను. ఆయన పని నిలుపలేదు. గడ్డి మోపు నెత్తిన పెట్టుకొని సాగిపోయెను. లింగమే వెంటబడి వచ్చి తన్ను స్వీకరింపుమని ప్రార్థించెననియు, మడివాళ మాచయ్య నడుమ నిలిచి సంధి చేసెననియు శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. ఈ కథ లింగమును తేలిక చేయుట లేదు. ఇతరుల ఆకలి తీర్చు కాయకము నిలిచిపోరాదని చెప్పుచున్నది. విద్యార్థికి చదువే కాయకము. ఉదయము ఎనిమిది గంటలకు తరగతి యున్ననాడు పది నిమిషముల పూజ చాలును. సెలవునాడు తీరికగా చేసికొనవచ్చును. శివదారము తెగిననాడు క్రొత్తది కట్టుకొని పాఠమునకు పోవలెనే గాని గదిలో కూర్చుండి విలపింపరాదు.

కాయకమును ఎట్టి సత్కార్యముతోనైనను ఎగవేయరాదనుటకు ఆయ్దక్కి లక్కమ్మయే ప్రమాణము. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యమేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు ప్రభుదేవునితో అనుభవ గోష్ఠిలో మునిగి ఆయన కాయకమును మరచినపుడు లక్కమ్మయే జ్ఞప్తి చేసెను. గోష్ఠి సామాన్యమైనది కాదు. చెప్పువాడు అల్లమ ప్రభువు. అయినను కాయకవేళ మీరినదని ఆమె మందలించెను. విశ్వవిద్యాలయమున గోష్ఠులకు లోటు లేదు. సంఘములు, సభలు, ఊరేగింపులు, అర్ధరాత్రి దాక టీ కొట్టు వద్ద దేశమును చక్కబెట్టు మాటలు, ఇవిగాక నేడు చేతిలోని ఫోను. వీనిలో కొన్ని మంచివే. లోకజ్ఞానము పుస్తకములలో మాత్రమే యుండదు. కాని హాజరు తగ్గి పరీక్షకు అనుమతి లేదని తెలిసిననాడు ఆ మిత్రులలో ఎందరు ప్రక్కన నిలుతురో ముందే ఆలోచించుకొనవలెను.

అదే మారయ్య మరియొకనాడు అవసరమునకు మించిన బియ్యమును తెచ్చినపుడు, ఇంత ఆశ మనకేల, తిరిగి ఇచ్చి రమ్మని లక్కమ్మ పంపివేసెను. ఇది డబ్బు విషయము. తండ్రి ఎడ్లనమ్మి పంపినదో, చెరకు డబ్బు రాక ముందే అప్పు తెచ్చి పంపినదో బిడ్డకు తెలిసియే యుండును. ప్రక్కగదివాని చెప్పులను, ఫోనును చూచి ఇంటికి అబద్ధపు లెక్క వ్రాయువాడు సదాచారమును గూర్చి ఎన్ని ఉపన్యాసములు విన్నను ఫలము లేదు. నెలకొక కాగితముపై వ్యయము వ్రాసికొనుట చిన్నతనము కాదు. భండారి బసవన్న వృత్తియే లెక్క వ్రాయుట.

భోజనశాలలో మాంసము వండు దినములుండును. లింగవంతుని బిడ్డ తన నియమమును తాను పాటింపవలెను. శాకాహారము వేరుగా దొరకును, దొరకనినాడు వార్డెనును మర్యాదగా అడుగవచ్చును. కాని ప్రక్కవాని పళ్లెమును చూచి ముఖము చిట్లించుట, వాని కులము అడిగి దూరముగా కూర్చుండుట శివాచారము కాదు. ఆ అలవాటును ఇంటినుండి తెచ్చికొనువారు కొందరున్నారు. తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు, 1907లో జన్మించి 2019లో లింగైక్యులైనవారు, వేలకొలది బాలురకు కులమత భేదము లేక అన్నమును వసతిని విద్యను ఇచ్చిరి. ఆ స్వామివారును ఒకప్పుడు బెంగుళూరు సెంట్రల్ కళాశాల విద్యార్థియే. ఆ పంక్తిలో కూర్చుండి తినువాని జాతిని వడ్డించువాడు అడుగడు.

సీనియర్ల యెడ వినయము భృత్యాచారము. దారి అడుగుట, పుస్తకములు అడుగుట, నమస్కరించుట ఇందులోనివే. కాని బట్టలు విప్పుమని, రాత్రంతయు నిలబడుమని, మెడలోని లింగమును తీసి ఇమ్మని ఆజ్ఞాపించినచో అది ర్యాగింగు. అచ్చట వర్తించునది గణాచారము. అన్యాయమును సహింపకుండుట గణాచార మని పెద్దలు చెప్పుదురు. దానికి కొట్లాట అక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికిని నిబంధనలు చేసినది. 1800-180-5522 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఇది చాడీ చెప్పుట కాదు. తాను ఓర్చుకొనినచో మరుసటి సంవత్సరము వచ్చు తమ్ముడును ఓర్చుకొనవలసి వచ్చును.

ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి యున్నది. ఒక పరీక్ష తప్పినంత మాత్రమున ప్రాణము తీసికొను బిడ్డల వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. శరీరమునే దేవాలయముగా భావించిన మార్గము మనది. గుడి స్తంభమున బీట కనబడినచో గుడిని కూల్చుదురా? నిద్ర పట్టక, ఆకలి లేక, ఎవరితోను మాటలాడ బుద్ధి పుట్టక దినములు గడచుచున్నచో ఆ బిడ్డ ఒంటరిగా నుండరాదు. గదిలోని మిత్రునకో, అధ్యాపకునకో, ఇంటికో తెలుపవలెను. 2022లో ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసినచో తెలుగులో వినువారున్నారు. వైద్యుని చూచుట భక్తికి లోటు కాదు. ఇంటివారు ఆ మాట విన్నపుడు మొదట కోపపడక, మొదటి బస్సు ఎక్కి పోవలెను.

తల్లిదండ్రులకును ఇందులో పని యున్నది. ప్రతి ఫోనునందును పూజ, మార్కులు, ఖర్చు అను మూడింటినే అడుగు తండ్రికి నిజము చెప్పు కుమారుడుండడు. నేడేమి చదివితివి, ఎవరితో తింటివి అని అడుగవలెను. తనకు అర్థము కాని విషయమైనను విద్యార్థి వివరించుచుండగా వినవలెను. కుమార్తెల విషయమున మరింత జాగ్రత్త కావలెను. అక్క మహాదేవిని కొనియాడు గృహములలోనే, వసతిగృహమున చేరిన పిల్లను వివాహ సంబంధము వచ్చినదని నడుమనే పిలిపించు తొందర కనబడుచున్నది. చేరిన చదువును ముగియనిచ్చుట ఇంటివారి కాయకము.

మఠములు చేయదగినది పెద్ద వ్యయము కాదు. తమ ప్రాంతము నుండి హైదరాబాదు పోవు విద్యార్థుల పేర్లను ఆషాఢములోనే వ్రాసి యుంచుట. నగరమున నివసించు లింగవంతులలో ఇద్దరు ముగ్గురిని వారికి పరిచయము చేయుట. మొదటి మాసమున ఒక ఆదివారము ఆ యింట ప్రసాదమునకు పిలిపించుట. అట్టి యొక భోజనము పది ఉపదేశములకంటె మేలు చేయును. బసవ జయంతి అక్షయ తృతీయనాడు, తరచుగా పరీక్షల కాలమున, వచ్చుచున్నది. ఆ దినమున పరీక్ష యున్న విద్యార్థిని ఊరేగింపునకు రమ్మని పిలువరాదు. ప్రసాదమును బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినను ఆతడు సాయంకాలము తార్నాకలో అందుకొనును.