వైద్యం మాటకూ సనదు కావాలి

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు ఒక మాట చెబుతాడు. పక్కింటి పెద్దావిడ మరో మాట చెబుతుంది. సెల్‌ఫోనులో వచ్చిన సందేశం మూడో మాట చెబుతుంది. ఆ సందేశం పైన 'బిస్మిల్లాహ్' ఉంటుంది, కింద 'పదిమందికి పంపి సవాబ్ పొందండి' అని ఉంటుంది. ఇందులో ఎవరి మాట నమ్మాలి? ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. కనుక ఇది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా.

వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. కొందరు పల్లెవాసులు వచ్చి ఈ సంగతి అడిగినప్పుడు మహాప్రవక్త (స) వైద్యం చేయించుకోమనే చెప్పారు. వార్ధక్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలిపారు. అయితే ఏ రోగానికి ఏ మందో విడివిడిగా జాబితా ఇవ్వలేదు. వెతుక్కునే పని మనిషికి వదిలారు. ఆ వెతుకులాటనే నేడు పరిశోధన అంటున్నాం.

వెతికేవాడు పొరబడవచ్చు. మరి నిజమేదో తేల్చుకోవడం ఎలా? ఈ చిక్కు ముస్లిం సమాజానికి కొత్త కాదు. దైవప్రవక్త (స) పేరుతో ఎవరికి తోచింది వారు చెప్పడం మొదలైనప్పుడు హదీసువేత్తలు ఊరుకోలేదు. చెప్పినవాడు ఎవరు? ఎవరి దగ్గర విన్నాడు? వారిద్దరూ అసలు కలుసుకున్నారా? అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది? అని ఆరా తీశారు. ఈ ఉల్లేఖకుల పరంపరే సనదు. రాత్రంతా ఆరాధనలో గడిపే పుణ్యపురుషుడైనా సరే, జ్ఞాపకశక్తి సరిగా లేకపోతే అతని ఉల్లేఖనాన్ని పక్కన పెట్టారు. సజ్జనుల నోట కూడా తెలియకుండానే అబద్ధం దొర్లుతుందన్న హెచ్చరికను ఇమామ్ ముస్లిం (ర) తన 'సహీహ్' ముందుమాటలోనే పొందుపరచారు. మనిషి దైవభక్తి వేరు, అతని మాటకున్న ఆధారం వేరు.

ఇదే నిక్కచ్చితనం వైద్యంలో చూపినవారు ఇబ్నున్ నఫీస్ (ర). 1288లో కైరోలో మరణించిన ఈయన వైద్యుడే గాక షాఫయీ ఫిఖహ్ పండితుడు కూడా. హదీసు సూత్రాలపై ఒక చిన్న గ్రంథం కూడా రాశారు. గుండె కుడి గదిలోని రక్తం మధ్యగోడలోని సన్నని రంధ్రాల గుండా ఎడమ గదికి చేరుతుందని గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన మాటను వెయ్యేళ్లకు పైగా అందరూ పాఠంగా వల్లించారు. ఆ గోడలో దారి లేదనీ, రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి గాలితో కలిసి ఎడమ గదికి వస్తుందనీ ఇబ్నున్ నఫీస్ రాశారు. గేలెన్ ఎంత గొప్పవాడైతేనేం, మాట నిలబడలేదు. అయితే ఈ రాతప్రతిని 1924లో జర్మనీలో చదువుకుంటున్న ఈజిప్టు వైద్యుడు తతావీ వెలుగులోకి తెచ్చేదాకా ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు? పూర్వికుల పేరు చెప్పుకుని ఉప్పొంగిపోతాం. వారి పద్ధతిని మాత్రం వదిలేశాం.

సైన్సు పొరబడదా? పొరబడుతుంది, మోసపోతుంది కూడా. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు, మరికొందరు 12 మంది పిల్లల గురించి రాసిన వ్యాసాన్ని పేరున్న 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే టీకా వల్ల ఆటిజం వస్తుందన్న భయం దేశదేశాలకు పాకింది. డెన్మార్క్‌లో 5 లక్షల మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనబడలేదు. చివరికి 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడాది అతని పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. దిద్దుబాటుకు 12 ఏళ్లు పట్టడం విచారకరమే. కాని దిద్దుకునే దారి అంటూ ఒకటి ఉంది. హదీసు విషయంలో గతించిన మాటను మళ్లీ వినలేం, చెప్పినవారినే పరీక్షించాలి. వైద్యంలో అదే పరీక్షను మరొకరు మరోచోట మళ్లీ చేసి చూడవచ్చు. పుకారుకు ఈ రెండు దారులూ లేవు.

పరీక్షించకుండా నమ్మడం ఎంత తప్పో, పరీక్షించకుండా తోసిపుచ్చడమూ అంతే తప్పు. 2000ల దశకంలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం బస్తీల్లో పోలియో చుక్కలు వేయిస్తే పిల్లలకు సంతానం కలగదన్న పుకారు పుట్టింది. దానికి సనదు లేదు, రుజువూ లేదు. అయినా ఎందరో తలుపులు మూసుకున్నారు. చచ్చుబడింది పుకారు పుట్టించినవాడి కాళ్లు కాదు, పసిబిడ్డల కాళ్లు. తర్వాత ఉలమాలు, ఇమాములు ముందుకొచ్చి చుక్కలు వేయించమని పిలుపునిచ్చారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం పోలియో నుంచి విముక్తి పొందిందని ధ్రువీకరించింది.

కలౌంజీ గురించి, తేనె గురించి ప్రామాణిక హదీసులున్నాయి. వాటిని శిరసావహిస్తాం. కాని 'కలౌంజీ తింటే షుగరు మందు మానేయవచ్చు' అన్న మాట ఏ హదీసులోనూ లేదు. అది సందేశం రాసినవాడి సొంత మాట. దాన్ని నమ్మి ఒక వ్యక్తి ఇన్సులిన్ మానేసి ప్రాణం మీదకు తెచ్చుకుంటే, ఆ సందేశాన్ని సవాబ్ అనుకుని పంపినవారి లెక్క ఏమవుతుంది? పైగా దైవప్రవక్త (స) అనని మాటను ఆయనకు అంటగట్టిన పాపం అదనం.

సోదర సోదరీమణులారా! వచ్చిన వార్తను విచారించకపోతే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత చింతించవలసి వస్తుందని సూరె హుజురాత్ హెచ్చరిస్తోంది. కనుక మందు గురించి ఏ మాట విన్నా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చెప్పారు? ఎంతమందిపై పరీక్షించి చెప్పారు? మరొకరు పరీక్షించినా అదే తేలిందా? జవాబు దొరకని సందేశాన్ని మన దగ్గరే ఆపేద్దాం. ఆపడం కూడా ఒక ప్రాణాన్ని కాపాడటమే కావచ్చు.

నిజాన్ని నిజంగా గుర్తించి అనుసరించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.