మ్యాగీని ముందే వదిలేశాం

2015 జూన్‌లో మ్యాగీ అమ్మకాలను దేశమంతా ఆపేశారు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం ఉందన్నారు, పరిమితి 2.5. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన సరిగా వినలేదని, పరీక్షలు చేసిన ల్యాబులకు తగిన గుర్తింపు లేదని చెప్పి, మూడు ల్యాబుల్లో మళ్ళీ పరీక్షించమంది. సీసం పరిమితిలోనే ఉందని తేలాక, నవంబరులో మ్యాగీ తిరిగొచ్చింది.

కోర్టు సంగతి సరే. మన సంగతేమిటి? ఆ రిపోర్టులు రాకముందే చాలామందిమి మ్యాగీని నిర్దోషిగా వదిలేశాం. "చిన్నప్పట్నుంచీ తింటున్నాం, ఏమైంది?" అన్నాం. సీసం విషయంలో ఇది సాక్ష్యం కాదు. అది చప్పుడు లేకుండా ఒంట్లో పేరుకుంటుంది, పిల్లల మెదడుకి మరీ చేటు.

మరెందుకన్నాం? మనలో చాలామందికి అది పెద్దవాళ్ళ సాయం లేకుండా వండుకున్న మొదటి తిండి. పులిహోరకి అమ్మమ్మ చెయ్యి పడాలి. మ్యాగీకి ఎవరి చెయ్యైనా చాలు. హాస్టల్లో కెటిల్ ఉన్నా ఉడుకుతుంది. దాన్ని అనుమానిస్తే మన చిన్నతనాన్ని అనుమానించినట్టే అనిపిస్తుంది.

చివరికి మన నమ్మకమే నిజమైంది కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ సంగతి తేల్చింది పరీక్షలు, మన ఇష్టం కాదు. అదే ఆరోపణ ఊరూపేరూ లేని ఓ ప్యాకెట్ మీద వచ్చుంటే, రెండోసారి పరీక్షించమని ఎవరం అడిగేవాళ్ళం? కోర్టు మ్యాగీకిచ్చిన ఆ అవకాశం ఎవరూ ప్రేమించని వాటికీ దక్కాలి. ప్రేమించేవాటిని కూడా ఆ పరీక్షకి నిలబెట్టాలి.