ఒక్క ముక్కకేమవుతుంది?

కొసరి వడ్డించడం మన ఇళ్ళలో మర్యాద. వద్దన్నా వినం. కాని సీలియాక్ జబ్బు ఉన్నవారికి ఆ కొసరే కీడు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వారి చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. వాటిని జీవితాంతం మానడమే వైద్యం. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి తినవచ్చు. క్రిస్మస్ కేకు, పెళ్ళివారి పూరీ, సేమియా పాయసం తినకూడదు. సాంబారులో వేసిన ఇంగువలో సైతం గోధుమపిండి కలిసి ఉండవచ్చు.

ప్రతి పంక్తిలో ఇవన్నీ అడిగేవారిని మనం ఏమంటాం? “చాదస్తం” అంటాం. ఆ మాటకు జంకి కొందరు విందులకే రావడం మానుకుంటారు.

పీటర్ బెనెన్సన్ అనే ఆంగ్ల న్యాయవాది 1958లో కతోలిక శ్రీసభలో చేరాడు. 1961లో ఖైదీల పక్షాన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ను ఆరంభించింది ఆయనే. ఆయనకూ ఈ జబ్బే. 1968లో తనవంటి రోగుల కోసం బ్రిటన్‌లో ఒక సంఘం ఏర్పడడానికీ ఆయనే పూనుకున్నాడు. ఇటువంటి సంఘాలు నేడు మన దేశంలోనూ ఉన్నాయి. ఏది తినవచ్చో అక్కడ చెబుతారు. అంతకంటె పెద్ద మేలు, అక్కడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

ఆ ఊరట సొంత విచారణలో దొరకవద్దా?

దివ్యసత్ప్రసాదం సంగతే చూడండి. అప్పం గోధుమదే కావాలి. గ్లూటెన్ బొత్తిగా లేనిది చెల్లదు. ఈ నియమాన్ని రోము 2017లో మళ్ళీ గుర్తుచేసింది. కాని తక్కువ గ్లూటెన్ గల అప్పం చెల్లుతుందనీ, అదీ పడని విశ్వాసులు ద్రాక్షారస రూపంలో మాత్రమే స్వీకరించవచ్చనీ 2003లో కార్డినల్ రాట్జింగర్ పంపిన లేఖ తెలిపింది. ఏ ఒక్క రూపంలోనైనా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడన్నది మన విశ్వాసమే గదా! అయితే గురువు తన పాత్రలో అప్పం తునక వేస్తారు. కనుక వీరికి వేరే పాత్ర ఉండాలి, దాన్ని పూజకు ముందే ఎవరో సిద్ధం చేయాలి.

“అందరికీ ఒకటే, ఈమెకు వేరేనా?” అని గొణిగేవారుంటారు. కొరింతులో ప్రభువు విందు వేళ కొందరు ఆకలితో మిగిలిపోయారని పునీత పౌలు మందలించాడు. ఆ మందలింపు ముందుగా తినేసినవారికి తగిలింది గాని, నోరు తెరిచి అడగలేదని ఆకలిగొన్నవారికి కాదు.

మీ విచారణలో ఇటువంటివారు ఉన్నారేమో ఈ ఆదివారమే కనుక్కోండి. ఉంటే గురువులతో ఆ పాత్ర గురించి మీరే మాట్లాడండి. పండుగ విందులో అన్నం గిన్నెను పూరీల పళ్ళెానికి దూరంగా పెట్టించండి. దాని గరిటె దానికే ఉండాలి.