గాలిపటం ఎగరేసిన తత్వవేత్త

పట్టుకున్న పరిశోధనను మధ్యలో వదిలేస్తే అది ఓటమేనా?

వియన్నాలో పుట్టిన లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ 1908లో, పంతొమ్మిదేళ్ల వయసులో, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పరిశోధక విద్యార్థిగా చేరాడు. గ్లాసప్ దగ్గరి కొండనేలల్లో గాలిపటాలు ఎగరేశాడు. ఆనక విమానపు ప్రొపెల్లర్ రూపకల్పన మీద పడ్డాడు. రెక్కల కొసల నుంచి వేడి వాయువు చిమ్మితే అది దానంతటదే తిరగాలన్నది అతని ఊహ. 1911లో పేటెంటూ దక్కింది.

రెక్క వంపు తేలాలంటే గణితం కావాలి. మరి ఆ గణితం దేనిమీద నిలబడింది? ఈ సందేహమే అతణ్ని అదే ఏడాది కేంబ్రిడ్జిలో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ గుమ్మం ఎక్కించింది. మాంచెస్టర్ పరిశోధన మధ్యలోనే ఆగిపోయింది.

కర్మ చెయ్యి, ఫలం మీద ఆశ పెట్టుకోకు అంటుంది గీత. పట్టా ఒక్కటే గురి అయితే ఆ సందేహం అతని చెవిన పడేదే కాదు.

పీహెచ్‌డీ చివరికి 1929లో వచ్చింది, కేంబ్రిడ్జిలో, తత్వశాస్త్రంలో. పరీక్షించినవారిలో రస్సెల్ ఒకరు.