పులి మాట్లాడకపోవడం

మాటలేని నటనను మన విమర్శకులు నాటకానికి బాల్యదశగా లెక్కకడతారు. ప్రజాకళలను అభిమానించే మనం కూడా బుర్రకథకిచ్చిన గౌరవం పులివేషానికివ్వలేదు. నేనూ అదే తానులో గుడ్డనే. సాలూరులో శ్యామలాంబ అమ్మవారి పండగ చూశాక ఆ నమ్మకం సడలింది.

ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు, తోక, వెంట డప్పులు. అంతే సరంజామా. కథ లేదు. పులి పొంచి చూస్తుంది, నేలను వాసన చూస్తుంది, డప్పు గతి మారగానే దూకుతుంది. నవ్వుతున్న పిల్లలు ఒక్క క్షణం నిజంగానే వెనక్కి జరుగుతారు. వేషం కట్టింది బస్తాలు మోసే కళాసీ అని అందరికీ తెలుసు. తెలిసే జరుగుతారు. మామూలు రోజుల్లో ఎవరి కంటికీ ఆనని మనిషికి వీధి వీధంతా దారి ఇస్తుంది.

దీన్ని తిరుగుబాటు అనేద్దామా? తొందరపడకూడదు. అదే పులి షావుకారు అరుగు ముందు వంగి, నోటును పళ్లతో అందుకుంటుంది. ఆ మౌనంలో ధైర్యమూ ఉంది, దాస్యమూ ఉంది.

మా విద్యార్థులు ఆ దాస్యాన్ని సరిదిద్దబోయారు. ధరల మీదా, కూలిరేట్ల మీదా నాలుగు మాటలు రాసి అతనికి వినిపించారు. (ప్రోత్సహించింది నేనే.) అతను ఓపిగ్గా విని, "పులి మాటాడితే అది పులేటి బాబూ?" అన్నాడు. చైతన్యం చాలదనుకున్నాం.

ఇప్పుడలా అనలేను. మౌనం ఎప్పుడూ మాట చేతకాక వచ్చింది కాదు. 18వ శతాబ్దం మొదట్లో పారిస్ సంతల్లో ఆడే నటులకు సంభాషణ నిషేధించారు. ఆ హక్కు రాజుగారి అండ ఉన్న నాటకశాలదట. నటులు నోరు మూసుకుని, పాటలు అట్టల మీద రాసి ఎత్తిపట్టారు. పాడింది ప్రేక్షకులు! మన దేశంలో తెల్లదొరలు చేసిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం, నిషేధించదగ్గవాటిలో మూకాభినయాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఏళ్లు దాటాక, 2018లో గాని అది రద్దు కాలేదు. మాటేలేని ఆటలో రాజద్రోహం ఉండగలదని ఊహించిన ఆ దొరలు ఈ ఒక్క విషయంలో మనకంటే రసజ్ఞులు. అర్థం నటుడి నోట్లో కాక చూసే జనం మధ్య పుడుతుందని వాళ్లకు తెలుసు.

పులి వంగితే షావుకారు తనకు దక్కిన మర్యాద అనుకున్నాడు. మేము ఆ పులినోట్లో మా కరపత్రం పెట్టబోయాం. ఉద్దేశాలు వేరు, నిజమే. కాని ఇద్దరమూ అతన్ని అడగలేదు. అలాగని మౌనాన్ని నెత్తిన పెట్టుకోనూ లేను. పులివేషం కూలిరేటు బేరమాడలేదు.

ఆ సంగతి అతనికీ తెలుసు. పండగయ్యాక రంగు కడుక్కుని కళాసీల మీటింగుకు వచ్చాడు. చెవుల వెనక పసుపు ఇంకా పోలేదు. లేచి పావుగంట మాట్లాడాడు. మేము రాసిచ్చిన దాంట్లో ఒక్క ముక్క కూడా అందులో లేదు.