గిద్యోను భయం

దేవుని నమ్మినవారికి భయమే ఉండరాదని, భయం మిగిలి ఉంటే ఆ నమ్మకంలో లోపం ఉన్నట్లేనని భావించేవారికి పాత నిబంధనలోని న్యాయాధిపతుల గ్రంథం గిద్యోను వృత్తాంతంలో వేరొక సంగతి చెబుతుంది. మిద్యానీయులు ఏడేళ్లుగా ఇశ్రాయేలీయుల పంటలను పాడుచేస్తున్న రోజుల్లో, అతడు తన ఊరైన ఒఫ్రాలో గోధుమలను ద్రాక్షగానుగలో, అంటే ద్రాక్షపళ్లు తొక్కి రసం తీయడానికి తొలిచిన తొట్టిలో, శత్రువుల కంటబడకుండా నూర్చుకుంటున్నాడు. కళ్లం ఆరుబయట ఉంటేనే గాలికి పొట్టు ఎగిరి గింజ నిలుస్తుంది గనుక, గాలి ఆడని ఆ తొట్టిలో గోధుమలు నూర్చడం ఎంత కష్టమో సేద్యం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. దేవదూత పరాక్రమశాలి అని పిలిచినది అలా దాగి ఉన్న మనిషినే.

అతడు మొదట నెరవేర్చవలసిన ఆజ్ఞ యుద్ధానికి సంబంధించినది కాదు. కనానీయులు వానదేవుడిగా కొలిచిన బయలుకు తన తండ్రి యోవాషు నిలిపిన బలిపీఠాన్ని పడగొట్టి, పక్కనున్న అషేరా దేవి స్తంభాన్ని నరికి, ఆ కట్టెలతోనే ఎద్దును యెహోవాకు దహనబలిగా అర్పించమన్నది. ఇంటివారికీ ఊరివారికీ జడిసి, పగలు చేయలేక, పదిమంది పనివాళ్లతో రాత్రివేళ అతడా పని ముగించాడని గ్రంథకర్త దాపరికం లేకుండా రాశాడు. ఈ వివరం ఎంతో విలువైనది. విధేయత, అనగా తెలిసిన దైవాజ్ఞకు చేతలో లోబడటం, ధైర్యం కలిగేదాకా ఆగవలసినది కాదు. గిద్యోను చీకటిని ఎంచుకున్నాడు గాని పని మానలేదు, దేవుడు అందుకు అతన్ని మందలించనూ లేదు. తెల్లవారి ఊరివారు అతని ప్రాణం కోరినప్పుడు, బయలు నిజంగా దేవుడైతే తన పక్షాన తానే వాదించుకోగలడని చెప్పి అడ్డుపడినవాడు, ఎవరి ఇంటివారికి అతడు జడిశాడో ఆ తండ్రే.

తరువాత మిద్యానీయులతో యుద్ధానికి అతడు కూర్చిన సైన్యం 32,000 నుండి 300కు తగ్గిన ఘట్టం సుపరిచితమే. భయపడేవారు వెళ్లిపోవచ్చన్నప్పుడు 22,000 మంది వెళ్లగా, అంతే భయమున్న నాయకుడు మాత్రం నిలిచాడు. ఆ రాత్రి దిగివెళ్లడానికి భయమైతే పనివాడైన పూరాను వెంటబెట్టుకుని శత్రుశిబిరంలో మాటలు వినిరమ్మని దేవుడే సెలవిచ్చాడు. తనకు భయం లేదని బుకాయించక గిద్యోను పూరాతోనే వెళ్లాడు. ఆజ్ఞ ఇచ్చినవాడే తోడునూ చూపడం ఈ వృత్తాంతమంతటిలో మిక్కిలి మనసు తాకే సంగతి.

మిద్యానీయులపై విజయం తరువాత అతడు రాజరికాన్ని నిరాకరించినా, ప్రజలిచ్చిన 1,700 తులాల బంగారంతో ఏఫోదును, అంటే యాజకులు దైవచిత్తం తెలుసుకోవడానికి ధరించే పైవస్త్రాన్ని, చేయించి ఒఫ్రాలో ఉంచగా, ఇశ్రాయేలీయులు దానినే పూజించారు. అది అతని ఇంటికి ఉరి అయింది. అప్పటికి అతన్ని భయపెట్టే శత్రువు లేడు. యుద్ధానికి ముందు గురుతు కోరి గొర్రెబొచ్చు మీది మంచు విషయంలో దేవుని రెండుమార్లు అడిగినవాడు ఈ బంగారం విషయంలో ఒక్కమారైనా అడిగినట్లు గ్రంథంలో లేదు.