సార్వాకీ దాళ్వాకీ మధ్య

సంచిక పని చూస్తున్న కుర్రాడు మూడోసారి మెసేజ్ పెట్టాడు. ‘అక్కా, ఆదివారం రాత్రికి వ్యాసం రాకపోతే మీ పేజీలో రియల్టర్ గారి ప్రకటన వేసేస్తాం’ అని. నాకిచ్చిన అంశం ‘పల్లె జీవితం – విలువలు’. రెండు నెలలుగా మొదటి వాక్యం దగ్గరే కూర్చున్నాను. విలువలు అని టైపు చెయ్యగానే నిద్ర ముంచుకొస్తోంది. చివరికి ఆ వాక్యం నాకు అందించింది మా తొమ్మిదేళ్ల చిన్నది, అదీ తన హోంవర్కు తొందరలో.

‘అమ్మా, తాతయ్య హాబీ ఏంటి?’

బడిలో ఇచ్చిన కాగితంలో ఐదు ప్రశ్నలున్నాయి. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి నింపాలి. పుట్టిన ఊరు, మొదటి ఉద్యోగం వరకూ నేనే చెప్పేశాను. హాబీ దగ్గర ఆగిపోయాను. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి, ఆయనకి ఏది సరదానో నాకు తెలియదు! మా పెద్దాడి స్విమ్ మీట్ టైములు మూడేళ్లవి చెప్పమనండి, సెకన్లతో సహా చెప్తాను.

వాట్సాప్‌లో ఇండియాకి ఫోన్ చేశాం. అక్కడ పొద్దున్న ఏడు. నాన్న అరుగు మీద కాఫీ గ్లాసుతో ఉన్నారు, వెనకాల కొబ్బరి మొవ్వులు కదులుతున్నాయి. అంబాజీపేటకి నాలుగు మైళ్లలో మా ఊరు. రెండున్నర ఎకరాల చేను, ఎకరం తోట. ఇప్పుడు చేను కౌలుకిచ్చేశారు కానీ, గట్టు మీద నించోకుండా ఆయనకి పొద్దు గడవదు.

‘హాబీ అంటే ఏంటమ్మా?’ అన్నారు.

‘పని లేనప్పుడు చేసే పని తాతయ్యా.’

‘పని లేనప్పుడు పనెందుకు చేత్తాం తల్లీ?’

చిన్నది నా వైపు చూసింది. కాగితంలో దీనికి గడి లేదు. తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. ఇష్టమైన సీజన్. నాలుగు బొమ్మలున్నాయి: పువ్వు, సూర్యుడు, రాలిన ఆకు, మంచుమనిషి. కాగితం కెమెరాకి చూపించింది. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, ‘సార్వా కంటే దాళ్వాయే నయం. గాలివాన భయం ఉండదు’ అన్నారు.

ఈసారి దాళ్వాకి ఏం వేశారని నేనే అడిగాను. ‘టెన్‌టెనే’ అన్నారు. సోఫాలోంచి మా పెద్దాడు తలెత్తి, ‘బైనరీలో పది!’ అని మళ్లీ దించేశాడు. ఎంటీయూ 1010. మారుటేరు పరిశోధనా స్థానంలో పుట్టిన వంగడం. దాని ముద్దుపేరు కాటన్‌దొర సన్నాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దొర పేరు తెచ్చి తినే అన్నానికి పెట్టుకున్నాం మనవాళ్లం. ఇదంతా పిల్లలకి చెప్పబోయాను. జూమ్‌లో వాడి లెక్కల క్లాసు మొదలైపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మొదలుపెట్టాను ఈ వ్యాసం.

రాస్తున్నానని తెలిసి మావారు ముందే హెచ్చరించారు. ‘నువ్వు రాస్తే పల్లెటూరిని పటం కట్టి గోడకి తగిలించి దండేస్తావు. రెండు వైపులా రాయి’ అన్నారు. రాస్తానని మాటిచ్చాను. ఆయన పుట్టి పెరిగింది విజయవాడలో, రెండో అంతస్తులో. అయినా మాట మాటే.

నాన్న లెక్కలో ఏడాదికి రెండే కాలాలు, వానాకాలం పంట సార్వా, దాని తర్వాతి పంట దాళ్వా. వాటి మధ్య ఓ ఖాళీ. ఏప్రిల్లో దాళ్వా కోతలయ్యాక కాలవ కట్టేసేవారు. నీళ్లు తగ్గి, మడుగులు మిగిలి, ఆ మడుగుల్లో చేపలు చిక్కుకునేవి. ఊళ్లో పిల్లలందరం బురదలోనే. ఆడపిల్లలం గట్టు మీద ఉండాలని రూలు, కానీ రూలు పెట్టిన మామ్మ మధ్యాహ్నం నిద్రపోయేది. తువ్వాలు చెరో పక్కా పట్టుకుని దేవితే ఇంగిలాయిలు, మట్టగిడసలు. మట్టగిడస చేతికి దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఆ జారుడు ఇప్పటికీ అరచేతిలో ఉంది నాకు.

ముంజలు తినేశాక తాటిబుర్రలు పారేసేవాళ్లం కాదు. రెండు బుర్రల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్ర ఆనించి తోసుకుపోతే అది బండి. అదే చెట్టుకి శ్రావణ భాద్రపదాల్లో పళ్లు రాలేవి. పీచు పళ్లలో ఇరుక్కునేలా తిని, టెంకలు పెరట్లో పాతర వేస్తే కార్తీకం దాటాక తేగలు. ముంజ తిన్న పిల్ల తేగ తినడానికి ఇంచుమించు ఏడు నెలలు ఆగాలి. మధ్యలో తవ్వి చూసి తిట్లు తినడం కూడా అందులో భాగమే. మొన్న ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ ముంజలూ ఫ్రోజెన్ తేగలూ ఒకే అరలో పక్కపక్కన చూసి ఏదోలా అయిపోయాను. రెండూ కొన్నాను అనుకోండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. ఆ ఎండలోనే ఆవకాయ, వడియాలు, అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం. అవును, ఇప్పుడు గుర్తొస్తోంది, నాన్న పులిజూదం బాగా ఆడేవారు. ఎప్పుడూ మేకల పక్షమే తీసుకునేవారు. పులి పెట్టుకుని గెలవడం గొప్పేంటి అనేవారు. చిన్నదాని కాగితంలో ఇది రాయించొచ్చు. కానీ ఆయన ఆడేది ఆ నెలన్నర మాత్రమే. మృగశిర వచ్చేసరికి అరుగు మీద గీతలు చెరిగిపోయేవి.

ఎందుకంటే కాలవ వదిలేవారు. జూన్‌లో ఏదో ఓ పొద్దున్న ‘నీళ్లొత్తన్నాయ్’ అని కేక. ఎండి బీటలు వారిన కాలవలోకి ముందు చెత్త, ఎండుటాకులు, నురగ, వాటి వెనక గోధుమరంగు నీళ్లు, మనిషి నడిచినంత నెమ్మదిగా. మేం వాటి ముందు వెనక్కి చూసుకుంటూ పరిగెత్తేవాళ్లం. మా ఊరి వంతెన దాకా నీళ్లతో పందెం. గెలిచినవాళ్లకి బహుమతి లేదు. ఫొటో తీసినవాళ్లూ లేరు. ఏ దరఖాస్తులోనూ రాసుకునే పని కాదది.

ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులే. ఆకుమళ్లు, దమ్ములు, ఊడుపులు. ఆషాఢంలో గోరింటాకు, వరదల్లో పక్కూరి రేవులో పులస బేరం (మేం కొన్నది ఒక్కసారి, ఆ కథ మావయ్యలు ఇప్పటికీ చెప్పుకుంటారు), అట్లతద్దికి తెల్లారకుండానే చద్దన్నం తిని ఉయ్యాల. వీటి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ జగ్గన్నతోట గురించి చెప్పకుండా ఉండలేను. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి దేవుడి ప్రభలు అక్కడికి చేరతాయి. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, నూలు అల్లి, ఊరి కుర్రాళ్లు రోజుల తరబడి రాత్రుళ్లు కూర్చుని కడతారు. మోసుకెళ్లేటప్పుడు దారి చూడరు, పచ్చటి చేలల్లోంచే నడుస్తారు. చేను తొక్కారని ఏ రైతూ కేకలెయ్యడు, దేవుడు తన పొలంలో నడిచాడనుకుంటాడు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవ నీళ్లలోకి దిగి, గుండెలదాకా మునిగిన మనుషుల భుజాల మీద అవతలి ఒడ్డుకి చేరుతుంటే ఊపిరి ఆగిపోతుంది. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ ప్రభల తీర్థమే వెళ్లింది. ఇక్కడ పొద్దుపోయాక లింకు వెతికి పెట్టుకుని, నేనొక్కదాన్నే చూసి ఏడ్చాను. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ ప్రభ కట్టే కుర్రాళ్లని అడగండి మీ హాబీ ఏంటని. క్రికెట్ అంటారు!

సరే, రెండో వైపు.

మేం కాలవలో చేపలు పట్టుకుంటుంటే, ఆ ఎండలోనే మా ఈడు పిల్లలు కొందరు కొబ్బరి పీచు మోస్తుండేవాళ్లు. ఊడుపుల్లో పొద్దుట నుంచీ నడుం వంచిన ఆడవాళ్లు మా ఇంటివాళ్లు కారు. మేం గట్టు మీద నించుని పాటలు విన్నాం, పాడినవాళ్ల నడుముల సంగతి మాకు పట్టలేదు. మామ్మకి ఖాళీ అనే కాలమే లేదు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిందంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచింది కనక. మా పెద్దమ్మ కూతురు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. కాలేజీ దూరమని అక్కడితో ఆపేశారు. తను ముగ్గులు ఎంత బాగా వేస్తుందో అని ఊరంతా మెచ్చుకునేది. తనకి ముగ్గుల మీద ఇష్టమా, చేతికి దొరికింది అదొక్కటేనా అని నేనెప్పుడూ అడగలేదు.

ఇంక గాలివాన. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. నేను ఆరో తరగతి. తలుపుకి మంచం అడ్డంపెట్టి నాన్న, బాబాయ్ రాత్రంతా వీపులు ఆనించి కూర్చున్నారు. తెల్లారి తోటలోకి వెళితే పడ్డవాటిని లెక్కపెట్టే పని లేదు, నిలబడ్డ చెట్లని లెక్కపెట్టుకున్నాం. పదిహేడు. కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. నాన్న ఆ వారంలోనే మొక్కలకి గోతులు తవ్వారు. నా చదువు అప్పులోకి వెళ్లింది కూడా ఆ వారంలోనేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఖర్చులు రావట్లేదు, ధర రావట్లేదు, ఈ సార్వా మేం వెయ్యం అన్నారు. పేపర్లన్నీ క్రాప్ హాలిడే అని రాశాయి. ఆ మాట మొన్న చిన్నదానికి చెప్తే, ‘తాతయ్యకి హాలిడే ఇచ్చారా, బావుంది కదా’ అంది. ఆ జూన్‌లో కాలవలోకి నీళ్లొచ్చాయి, నాన్న అరుగు మీదే ఉన్నారు. ఆయన జీవితంలో సెలవు అన్న మాట వచ్చింది ఆ ఒక్క ఏడే. పులిజూదం గీతలు గియ్యలేదని అమ్మ ఫోన్లో చెప్పింది.

ఇవన్నీ తెలుసు. మావారు ఇంకోటి కూడా గుర్తు చేస్తారు. ఇప్పుడు ఆ ఊళ్లో పిల్లలు మాత్రం కాలవలో ఉన్నారా? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని హాస్టళ్లలో ఉన్నారు. మా తమ్ముడి కొడుకు సంక్రాంతికి రెండు రోజులు వచ్చి, మూడో రోజు పరీక్ష ఉందని వెళ్లిపోయాడట. ప్రభ చూడలేదు. కాబట్టి పోయింది మనకొక్కళ్లకే కాదు, నిజమే.

అయినా సరే. మాటిచ్చినంత వరకూ రాశాను. ఇంక నా మాట.

మా ఇంట్లో గూగుల్ క్యాలెండర్ ఉంది. పెద్దాడిది నీలం, చిన్నదానిది ఆకుపచ్చ, నాది ఎరుపు. ఎరుపంటే కారు తోలడం. శనివారం తెల్లగా ఒక గంట కనిపిస్తే నాకు భయం వేస్తుంది, ఏదో మర్చిపోయానని. స్విమ్, మనబడి, కూచిపూడి, చెస్, రోబోటిక్స్, స్పెల్లింగ్ బీకి కోచింగ్. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు, అన్నిటికీ నేనే డబ్బు కట్టాను. సంక్రాంతి కూడా హాలు ఎప్పుడు దొరికితే అప్పుడు కదా మనకి. ఈ ఏడు ఫిబ్రవరి రెండో శనివారం భోగిపళ్లు పోశాం. ఉగాది ఏప్రిల్ మూడో శనివారం. చలికీ ఎండకీ పండక్కీ సంబంధం తెగిపోయింది. పిల్లలకి ఏడాది పొడుగునా ఒకటే కాలం, దాని పేరు సెమిస్టరు.

మనకి మిగిలిన సేద్యం పెరట్లో బీర పాదులు. మార్చిలో విత్తనాలు నానబెట్టి కిటికీలో పెట్టడం, మదర్స్ డే దాటాక బయట నాటడం, గోంగూర కట్టలు కార్లో వేసుకుని ఇంటింటికీ పంచడం. ఇందులో నాకు నిజంగానే ప్రాణం ఉంది. నిరుడు పెద్దాడిని సాయం రమ్మన్నాను. వచ్చాడు. అరగంట కలుపు తీసి, చేతులు కడుక్కుంటూ, ‘దీన్ని వాలంటీర్ అవర్స్‌లో వేసుకోవచ్చా?’ అన్నాడు. వాణ్ణి తప్పుపట్టను. చేసే ప్రతి పనికీ ఎక్కడో ఓ గడి ఉంటుందని నేర్పింది మేమే.

మా చిన్నదానికి పోయిన నెల మంచు పడి అన్ని క్లాసులూ ఆగిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి నా దగ్గరికొచ్చి, ‘ఇప్పుడు నేనేం చెయ్యాలి?’ అని అడిగింది. ఏడుపు గొంతుతో అడిగింది. ఆ వయసులో ఆ ప్రశ్న నేను ఎవరినైనా అడిగి ఉంటే మామ్మ నా చేతిలో చింతపండు గంప పెట్టేది. అందుకే ఎవరం అడిగేవాళ్లం కాదు. తప్పించుకుని వెళ్లి ఏదో ఒకటి కనిపెట్టుకునేవాళ్లం. తాటిబుర్ర బండి ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు కదా.

హోంవర్కు కాగితం చివరికి ఏమైందో చెప్పాలి. మర్నాడు నాన్నే మళ్లీ ఫోన్ చేశారు. రాత్రంతా ఆలోచించారట పాపం. ‘అమ్మాయ్, చిన్నదానికి చెప్పు. కాలవ వదిలే రోజు పొద్దున్నే లాకుల దాకా నడిచెళ్లి నీళ్లు రావడం చూత్తాను. నలభై యాభై ఏళ్లుగా చూత్తన్నాను. పనేం లేదక్కడ, ఊరికే. అది హాబీ కింద వత్తుందా?’

వస్తుందన్నాను. చిన్నది ఇంగ్లీషులో రాసింది, ‘తాతయ్య నీళ్ల కోసం ఎదురుచూస్తారు’ అని. టీచరు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

‘ఈసారి కాలవ వదిలే టయానికి రాకూడదూ’ అన్నారు నాన్న పెట్టేస్తూ. మే ఆఖర్లో ఇక్కడ బడి అయిపోతుంది. రోహిణి కార్తె సగంలో దిగితే మృగశిర, ఆరుద్ర, పునర్వసు మూడూ అక్కడే గడిచిపోతాయి. కోడింగ్ క్యాంపుకి జనవరిలోనే డిపాజిట్ కట్టాం, తిరిగివ్వరట. పెద్దాడి స్విమ్ టీములో చోటు పోతుందని కోచ్ రాశాడు. మూడు టికెట్లు కొనేశాను.

మావారికి ఇంకా చెప్పలేదు. సంచిక వచ్చాక ఆయనే చదువుకుంటారు.